పితికిపప్పు

రాత్రే నానేసిన అనపగింజలు
తెల్లారేసరికి
చిన్నోడి కాలివేళ్ళ మాదిరి ఉబ్బినాయి.
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి నొక్కితే
తోలు చేతిలో ఉండిపోతాది,
పప్పు గిన్నెలోకి దూకుతాది.
కొన్ని గురి తప్పి పొయ్యి కిందికి పోతాయి.
వాటి సంగతి చీపురుకట్ట చూసుకుంటాది.

మామ ఉన్నప్పుడు చెప్పేవాడు:
"ఊపిరి పోయేది చూడు, వచ్చేది చూడు,
అంతేమ్మా, ఇంకేమీ లేదు."
ముప్పై ఏండ్లు కరెంటు స్తంభాలెక్కి దిగిన మనిషి,
రిటైరైన ఏడాది తెల్లచొక్కా తొడుక్కొని
బుద్ధుడి దగ్గరికి పోయినాడు.
నా కూతురికి విశాఖ అని పేరు పెట్టింది ఆయనే.
మీది వైజాగా పాపా, అని బళ్ళో టీచరు అడిగిందంట.
కాదు టీచర్, చిత్తూరే, మిట్టూరు, అనిందంట.

ఊపిరి చూద్దామనే కూచుంటా నేను కూడా.
మూడో ఊపిరికి కుక్కరు కూస్తాది.
ఐదో ఊపిరికి చిన్నోడు లేస్తాడు,
రవిక తడుస్తాది.
ఏడు దాకా పోయిన రోజు ఒకటుండాది.
ఆ రోజు పాలు పొంగి పొయ్యంతా పారినాయి.

ప్రాణం తియ్యకూడదు, మొదటి మాట అదే.
సరే మామా.
బెల్లం డబ్బాకి పట్టిన చీమల్ని ఎండలో పెట్టి
బతిమాలి పంపిస్తా.
మరి విశాఖ తలలో పేలో?
ఆదివారం మధ్యాన్నం దాన్ని మోకాళ్ళ నడుమ ఇరికించుకొని
రెండు గోళ్ళ మధ్య టిక్కు టిక్కుమనిపిస్తా ఉంటే
అలమారాలో, మిక్సీ పక్కన
మట్టిబుద్ధుడు కండ్లు మూసుకొని ఉంటాడు.
ఎప్పుడూ మూసుకొనే ఉంటాడనుకో.
ఆ పూట మాత్రం నాకోసమే మూసుకున్నట్టుంటాది.

మాయత్త కన్నెమ్మకి ఈ గొడవేమీ లేదు.
గంగమ్మకి అంబలి పోస్తాది,
బుద్ధుడికి అగరొత్తి పెడతాది,
బుధవారం చేపలపులుసు లేకుంటే
నన్ను కాదు, చట్టిని తిడతాది.
"మీ మామ ఎన్ని శీలాలు పట్టినా
కొరమీను తల మాత్రం నాకిచ్చేవాడు కాదు" అని
నవ్వబోయి
కొంగుతో ముక్కు తుడుచుకుంటాది.

ఆరేండ్లు కడుపు మాడ్చుకున్నాయనకి
సుజాత పరమాన్నం తెచ్చిచ్చిన కథ
రాత్రి పిల్లకి చెప్పినా.
"అంతా తినేసినాడా?"
నలభై తొమ్మిది ముద్దలు.
"గిన్నె ఎవురు తోమినారు?"
ఏట్లో వదిలేసినాడంట, ఎదురు ఈదుకుంటా పోయిందంట.
"బంగారు గిన్నె కదా! వాళ్ళింట్లో తిట్టలేదా?"

అది నిద్రపోయినాక కూడా నాకు నిద్ర రాలేదు.
సుజాతకీ చంకలో పిల్లోడుండాడంట కథలో.
అంత పాలు చిక్కగా కాచే దాకా
వాణ్ణి ఎవురెత్తుకున్నారు?
అడుగంటకుండా తిప్పిన చెయ్యి
ఎంతసేపు నొప్పెట్టిందో
ఎవురూ రాసిపెట్టలేదు.

మునిరత్నం మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో నైట్ వాచ్‌మన్.
కాయల కాలమైపోయి నెలలైనా
ఆయన చొక్కా ఇంకా తీపి వాసనే.
ఏడుకి వస్తాడు, సంగటి ముద్ద మధ్యలో గుంత చేసి
పితికిపప్పు పోస్తే
మాట్లాడకుండా తింటాడు.
మాట్లాడకుండా తిన్నాడంటే కుదిరినట్టు.

పోయిన చలికాలం మామ నాతో కూచొని పితికేవాడు.
చేతులు వణికేవి.
నాలుగు గింజలకొకటి నోట్లో వేసుకునేవాడు, పచ్చిదే.
ఈ పొద్దు నాకు గుట్టెడు తోళ్ళు, సగం గిన్నె పప్పు.
ఆ సగం గిన్నెలో
నేనేమీ అనుకోలేదని ఇప్పుడే తెలిసింది.
కుక్కరు లేదు, బాకీ లేదు, రేపటి టిఫిను లేదు,
వేళ్ళు, గింజ, వేళ్ళు, గింజ.
ఎన్ని ఊపిర్లో లెక్క పెట్టలేదు.
తెలిసిన క్షణానే పోయిందనుకో.

వెనక నించి విశాఖ వచ్చి భుజమ్మీద వాలింది,
నిద్రమొగంతో.
"అమ్మా, తల దురద."